ఒరుసుకుంటోంది అమ్మా

మా వాడికి పద్నాలుగేళ్లు. పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లండ్‌లోనే, లాంకషైర్‌లో. తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఐదేళ్లు ప్రతి ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్లాను. గుణింతాలు వచ్చాయి. నాలుగు వేమన పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. కానీ తాడు వదులైతే ఏమనాలో, చేతిలోంచి సబ్బు జారితే ఏమనాలో వాడికి తెలియదు.

పోయినేడు సైకిల్ క్లబ్బులో చేరాడు. వాళ్లూ ఆదివారం పొద్దున్నే బయల్దేరతారు. ఇంట్లో రెండు వారాలు గొడవ నడిచింది. చివరికి క్లాసు మానిపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏప్రిల్‌లో నూరు కిలోమీటర్ల రైడ్ ఒకటి ఉందన్నాడు. ట్రఫ్ ఆఫ్ బోలండ్ అనే కనుమ మీదుగా వెళ్లాలి. అక్కడ ఎండగా ఉన్నప్పుడు బయల్దేరినా దారిలో వాన తప్పదు. రెయిన్ జాకెట్, రెండు ట్యూబులు, టైరు లివర్లు, చిన్న పంపు, తిండి అన్నీ మోసుకెళ్లాలి. సీటు కింద వాడికున్న చిన్న సంచీలో ఒక ట్యూబు పడితే గొప్ప. మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు బాగా సైకిల్ తొక్కేవాడు. ఆయన తన పాత సాడిల్‌బ్యాగ్ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. కారడైస్ వాళ్లది. మాకు దగ్గర్లోనే ఉన్న నెల్సన్ ఊళ్లో 1932లో మొదలైన కంపెనీ అది. మందపాటి నూలు గుడ్డ, తోలు పట్టీలు. తడిస్తే నూలు పోగులు ఉబ్బి దగ్గరవుతాయి, నీళ్లు లోపలికి దిగవు. మూత ఎత్తితే లోపల ఒక లేబుల్, దాని మీద ఆ సంచీ కుట్టిన మనిషి చేత్తో చేసిన సంతకం. మా వాడు దాన్ని బొటనవేలితో రెండుసార్లు తడిమాడు.

నేను తెనాలిలో అద్దె సైకిళ్ల షాపులో పెరిగాను. మా నాన్న పంక్చర్లు వేస్తుంటే పక్కన కూర్చుని నీళ్ల బేసిన్‌లో బుడగలు చూసి "ఇక్కడ నాన్నా" అని వేలు పెట్టి చూపించడం నా పని. ఆ సంచీ చూడగానే నాకు షాపు వాసన వచ్చింది.

ఈ రకం సంచులు పాత తోలు సీట్లకి సరిపోయేలా చేసినవి. ఆ సీట్లకి వెనక రెండు ఇనుప చెవులుంటాయి. సంచీ పట్టీలు వాటిలోంచి దూర్చి బకిల్ పెట్టుకోవాలి. మూడో పట్టీ సీటు కింది రాడ్డుకి చుట్టాలి. ఇప్పటి రోడ్ బైకుల సీట్లకి చెవులు లేవు. అందుకని పట్టీల్ని సీటు అడుగున ఉండే రెండు కమ్మీలకి చుట్టాం. అలా కడితే సంచీ కిందికి దిగుతుంది. మా వాడిది చిన్న ఫ్రేము, సీటు కూడా పొట్టిగానే ఉంటుంది. కమ్మీలకీ వెనక టైరుకీ మధ్య జాగా తక్కువ. పైగా రాడ్డు కార్బన్‌ది. తోలు పట్టీ కింద ఇసుక చేరితే ఉప్పు కాగితంతో రుద్దినట్టు అరగదీస్తుంది. అందుకని పట్టీ తగిలేచోట పారదర్శకమైన టేపు చుట్టాం.

గ్యారేజీలో ఆ రెండు గంటలూ నేను ఏ పాఠమూ చెప్పలేదు. చేతులు పనిలో ఉంటే నోట్లోంచి తెలుగే వస్తుంది నాకు. "గట్టిగా లాగు నాన్నా. ఇంకో బెజ్జం. ఆఁ, చాలు, మరీ బిగించకు, తోలు సాగిపోతుంది. ఎడమ పక్క వదులుగా ఉంది చూడు. ఒరుగుతోంది. కొంచెం పైకెత్తి పట్టుకో, లేకపోతే టైరుకి ఒరుసుకుంటుంది." వాడు లాగాడు, ఎత్తాడు, వదిలాడు. "బెజ్జం అంటే హోలా?" అని ఒక్కసారి అడిగాడు, అంతే. మిగతావన్నీ వాడి చేతులకే అర్థమైపోయాయి.

మా తప్పేమిటంటే, ఖాళీ సంచీ కట్టి చూసుకుని సరిపోయిందనుకున్నాం. బరువు పడ్డాక కూడా చూడాలని తోచలేదు.

రైడ్ రోజు మధ్యాహ్నం స్లెయిడ్‌బర్న్ నుంచి ఫోన్. గాలి హోరులో వాడి గొంతు. "అమ్మా, బ్యాగ్ టైరుకి ఒరుసుకుంటోంది."

ఒక నిమిషం నాకు సంచీ సంగతే గుర్తు రాలేదు. ఐదేళ్ల క్లాసులో ఏ పుస్తకంలోనూ లేని మాట అది. ఎవరూ ఇది నేర్చుకో అనలేదు. వాడికి అవసరం పడింది, నోటికి అదే అందింది. తేరుకుని, "ఎంత ఒరుసుకుంది? చిరిగిందా?" అన్నాను. "కొంచెం అరిగింది. గోతులొచ్చినప్పుడు సౌండ్ వస్తోంది." జాకెట్ బయటికి తీసి తొడుక్కోమన్నాను. పట్టీలు ఒక్కో బెజ్జం బిగించమన్నాను. బరువైనవన్నీ రెండు పక్కలకీ సర్దమన్నాను. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చాడు, మోకాళ్ల దాకా బురద.

సంచీ అడుగున కందిగింజంత బెజ్జం పడింది. దానికి లోపలి నుంచి మందపాటి గుడ్డతో మాసిక వేశాను, వాడు సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు. మాసిక అనే మాట కూడా అలాగే వచ్చి చేరింది. సీటు కమ్మీలకి బోల్టులతో బిగించుకునే చెవులు దొరుకుతాయి, అవి తెప్పించాం. వాడి సీటు కమ్మీలు స్టీలువి కాబట్టి బిగించగలిగాం. కార్బన్ కమ్మీలైతే అలాంటివి బిగించకూడదు. చెవుల వల్ల సంచీ పైకొచ్చింది. వెనక ఎర్ర లైటు రాడ్డుకి ఉండేది, సంచీ దాన్ని కప్పేస్తోంది. చీకటి పడ్డాక వెనక ఎర్ర లైటు లేకుండా రోడ్డెక్కడం ఇక్కడ చట్టవిరుద్ధం. దాన్ని సంచీ మీదున్న పట్టీకి మార్చాం.

ఇలా రాస్తే నా బాధంతా తీరిపోయిందని అనుకోవద్దు. వాడు మళ్లీ అన్నం దగ్గర ఇంగ్లీషే. ఈమధ్య గుణింతాలు కొన్ని మర్చిపోతున్నాడు, అది నాకు కష్టంగానే ఉంది. కానీ శనివారం సాయంత్రం గ్యారేజీలో లైటు వేస్తే నన్ను వాడే పిలుస్తున్నాడు. చైను తుడవాలి, బ్రేకు వదులైంది, రా అమ్మా అని.

మొన్న వీడియో కాల్‌లో మా నాన్నకి సంచీ చూపించాడు. నాన్నకి డెబ్బై ఎనిమిదేళ్లు, షాపు ఎప్పుడో మూసేశారు. కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ దగ్గరికి జరిగారు.

"టైరుకీ సంచీకీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయా?"

మా వాడు ఫోన్ నా చేతికిచ్చి, వంగి, వేళ్లు దూర్చి చూశాడు. "పడుతున్నాయి తాతయ్యా."

"సామాను నింపే చూశావా?"

"నింపాను."

"ఎవరి వేళ్లు? నీవా, మీ అమ్మవా?"

వాడు నా చెయ్యి పట్టుకుని లాగి, నా వేళ్లు పెట్టి చూశాడు. తర్వాత మళ్లీ వాడివి. రెండు చేతులూ ఇప్పుడు ఇంచుమించు ఒకటే కొలత.