ఆడమ్స్ ఫ్యామిలీ పిన్‌బాల్: థింగ్‌కి గురి కుదిరింది

నిన్న రాత్రి పదకొండు దాటాక మా ఇంట్లోని ఆడమ్స్ ఫ్యామిలీ పిన్‌బాల్ మెషిన్‌లో థింగ్ (ఆ సినిమాలో ఒంటరిగా తిరిగే చెయ్యి, ఇక్కడ దాని పేరుతో ఒక ఫ్లిప్పర్ ఉంది) మొదటిసారి బాల్‌ని స్వాంప్ అనే రంధ్రంలో వేసింది. మా అమ్మాయి అరిచిన అరుపుకి పైన నిద్రపోతున్న వాళ్ళమ్మ కూడా కిందకి వచ్చేసింది. మూడు నెలల నుంచి ఎదురుచూస్తున్నది దీని కోసమే.

మేము ఉండేది షికాగో శివారులో. ఈ మెషిన్ కూడా 1992లో షికాగోలోనే తయారైంది, బాలీ పేరు మీద విలియమ్స్ వాళ్ళు చేశారు. డిజైన్ ప్యాట్ లాలర్, లారీ డిమార్‌లది. 20,270 మెషిన్లు చేశారు కాబట్టి ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతాయి, నేను ధైర్యంగా కొన్నది అందుకే. ఇంటి పెద్ద గోమెజ్ గొంతు సినిమాలో ఆ పాత్ర వేసిన రౌల్ జూలియాదే, అతని భార్య మార్టీషియా గొంతు ఆంజెలికా హ్యూస్టన్‌దే. మెషిన్ కోసం విడిగా రికార్డు చేసిన మాటలు కావడంతో ప్రతి షాట్‌కీ ఎవరో ఒకరు మనతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

వచ్చిన కొత్తలో పెద్ద సమస్య రీసెట్. బటన్ నొక్కితే బాల్‌ని కొట్టే చిన్న తెడ్లని ఫ్లిప్పర్లంటారు, కిందనున్న రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి కొడితే ఆట మధ్యలో మెషిన్ ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 5 ఓల్టులు ఉండాల్సిన చోట 4.8 ఉంది, ఫ్లిప్పర్లు కొట్టినప్పుడు ఇంకా పడుతోంది. ఆ కాలం విలియమ్స్ మెషిన్లకి ఇది మామూలుగా వచ్చే జబ్బే. పవర్ డ్రైవర్ బోర్డు మీద బీఆర్2 అనే బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చేది), దాన్ని నిలకడగా ఉంచే సీ5 అనే 15,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ రెండూ మార్చాను, ఇప్పుడు 5.05 చూపిస్తోంది, ఆ తర్వాత ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు. ఎవరైనా పాత మెషిన్ కొంటే ముందు సీపీయూ బోర్డు మీద ఉన్న మూడు డబుల్ ఏ బ్యాటరీలు చూడండి, అవి కారితే బోర్డు తినేస్తాయి. నావి కారలేదు, అయినా హోల్డర్‌కి వైర్లు అతికించి బోర్డుకి దూరంగా కింద పెట్టేశాను.

ఇక ఫ్లిప్పర్లు. దీనికి నాలుగున్నాయి. ఎడమ వైపు పైనున్న చిన్నది థింగ్‌ది, అంటే మనం బటన్ ముట్టుకోకుండానే మెషిన్ తనంతట తాను కొట్టి బాల్‌ని అడ్డంగా కుడి వైపు స్వాంప్ రంధ్రంలోకి పంపుతుంది. అంతకు ముందు మెషిన్లలో బటన్ నొక్కితే కరెంటు నేరుగా కాయిల్‌కి (ఫ్లిప్పర్‌ని కదిలించే తీగ చుట్టకి) వెళ్ళేది, ఇందులో మధ్యలో కంప్యూటర్ ఉంది, కాబట్టే అది తనే కొట్టగలుగుతుంది. అంతకంటే గొప్ప సంగతి, గురి తప్పితే ఎప్పుడు కొట్టాలో కొంచెం సర్దుకుని మళ్ళీ ప్రయత్నిస్తుంది, అంటే ఆడేకొద్దీ నేర్చుకుంటుంది. 1992 నాటి మెషిన్ ఇది!

నా దగ్గర మాత్రం ఎన్ని వారాలు ఆడినా నేర్చుకోలేదు. టైమింగ్ తేడా అనుకుని సెట్టింగులన్నీ వెతికాను, అసలు తప్పు అక్కడ లేదు. ఆ ఫ్లిప్పర్ విప్పితే కాయిల్ లోపలి స్లీవ్ (గొట్టం) అరిగిపోయి ఉంది, అందులో కదిలే ప్లంజర్ అనే ఇనప కడ్డీ కొస పుట్టగొడుగులా విచ్చుకుంది, దాంతో ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా కొడుతోంది. కొట్టే బలం ప్రతిసారీ మారుతుంటే అది ఏం నేర్చుకోగలదు? స్లీవ్, ప్లంజర్, లింక్, స్ప్రింగ్ అన్నీ కొత్తవి వేశాను, రెండు గంటల పని. ముందు ప్లగ్ పీకడం మర్చిపోకండి, కాయిల్స్‌కి వెళ్ళేది 50 ఓల్టుల పైనే. తర్వాత వరుసగా ఓ పదిహేనుసార్లు తప్పింది, ఒక్కోసారీ రంధ్రానికి ఇంకొంచెం దగ్గరగా, చివరికి నిన్న రాత్రి పడింది.

బాల్ దొర్లే బల్ల, అంటే ప్లేఫీల్డ్, వాలు కూడా 6.5 డిగ్రీలకి సరిచేశాను, మైనం పూశాను, మూడు బాల్స్ కొత్తవి వేశాను. ఇప్పుడు బాల్ ఎంత వేగంగా పరిగెడుతోందంటే పాత అలవాటుతో రెండు బటన్లూ టపటపా కొడితే అరనిమిషంలో ఆట అయిపోతోంది. ఫ్లిప్పర్ పైకి ఎత్తి పట్టుకుని బాల్‌ని ఆపి, చూసి కొట్టడం మొదలుపెట్టాను. అలా అయితేనే బుక్‌కేస్‌కి తగిలి గ్రీడ్ (GREED) అనే ఐదు ఇంగ్లీషు అక్షరాలు పూర్తవుతాయి, బుక్‌కేస్ గిర్రున తిరిగి వెనకున్న వాల్ట్ (ఖజానా) కనిపిస్తుంది, అందులోకి బాల్స్ పంపితే మల్టీబాల్, అంటే ఒకేసారి చాలా బాల్స్‌తో ఆట. ఎలక్ట్రిక్ కుర్చీ అనే రంధ్రంలో వేస్తే మాన్షన్‌లో (ఆడమ్స్ వాళ్ళ భవనంలో) ఒక గది తెరుచుకుంటుంది, మొత్తం 12 గదులు. నా రికార్డు తొమ్మిది. మా అమ్మాయికి మముష్కా గదంటే ప్రాణం, ఆ కాసేపూ బాల్ దేనికి తగిలినా పాయింట్లే.

సెయాన్స్ (ఆత్మల్ని పిలిచే) గదిలో, మల్టీబాల్‌లో ప్లేఫీల్డ్ కింద అయస్కాంతాలు పనిచేసి బాల్‌ని ఎటు పడితే అటు లాగాలి. మూడింటిలో ఒకటి లాగడం లేదు. శనివారం ప్లేఫీల్డ్ ఎత్తి దాని వైరు, ట్రాన్సిస్టర్ చూడాలి.