సున్నా కాని కరెంటు బిల్లు

పోయిన వేసవికి ముందు మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెల్స్ పెట్టించాం. కేంద్రం సబ్సిడీ 78 వేలు వచ్చింది. ఎండ బాగా కాస్తే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. మేం లైన్‌కి పంపిన కరెంటును, లైన్ నుంచి వాడుకున్న దాంట్లోంచి తీసేసి లెక్కకట్టే నెట్ మీటర్ పెట్టాక ఇక బిల్లే ఉండదని నాన్న ఎంతో ఆశపడ్డారు. మొదటి బిల్లు చూడగానే ఆయన ముఖం చిన్నబోయింది. లెక్క తేలాక వాడకం సున్నానే, కానీ ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు మామూలే. రాత్రిళ్లు మా ఫ్యాన్లు తిరిగేది కరెంటోళ్ల లైన్ మీదే కదా, స్తంభాలకీ వైర్లకీ కొంత కట్టడం న్యాయమే అంటాను నేను. కాకపోతే ఆ మాట ప్యానెల్స్ పెట్టినవాళ్లు ముందే చెప్పాల్సింది. పెద్దాయన అన్ని నెలలు లెక్కలు వేసుకున్నారు, అదే బాధ. నిన్న పక్కింటి పిన్నిగారు సోలార్ గురించి అడగడానికి వస్తే, ముందుగా మా బిల్లే తెచ్చి చూపించాను.