ఎమర్జింగా, ఎమర్జెన్సీనా?

ఆగస్టులో కావలి వెళ్ళిన రెండో రోజే మా అమ్మ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, "బంగారూ, అ ఆలు చెప్పమ్మా" అంది. ఐదేళ్ల మా చిన్నది తల దించుకుని, "అమ్మమ్మా, నేను ఎమర్జింగ్" అంది. అమ్మకి ఎమర్జెన్సీ అని వినపడింది. గబుక్కున ఎత్తుకుని బాత్‌రూమ్ వైపు పరుగెత్తింది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నాకే నవ్వు రాలేదు. ఆ మాట దాని చెవిన పడింది నా వల్లే.

మేముండే ఇంగ్లండ్‌లో బడిలో మొదటి ఏడాదిని రిసెప్షన్ అంటారు. నాలుగైదేళ్ల పిల్లల క్లాసు. అది అయిపోయేటప్పుడు టీచర్లు పిల్లల్ని 17 అంశాల్లో చూస్తారు. వినడం, మాట్లాడటం, పెన్సిల్ పట్టుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఇలాంటివి. మార్కులుండవు. ఆ వయసుకి ఉండాల్సిన స్థాయి అందుకుంటే 'ఎక్స్‌పెక్టెడ్', ఇంకా అందుకోకపోతే 'ఎమర్జింగ్'. అంతకు మించిన పిల్లలకి 'ఎక్సీడింగ్' అని ఇంకోటి ఉండేది, 2021లో తీసేశారు. అది తెలిసి నేనెంత దిగులుపడ్డానో చెబితే నవ్వుతారు. నెల్లూరులో హాస్టల్లో ఉండి ర్యాంకుల మధ్య ఇంటర్ చదివినదాన్ని. పైన ఇంకో మెట్టు లేకపోతే అదేం పరీక్ష అనిపించింది.

జూలైలో రిపోర్ట్ వచ్చింది. మాట్లాడటంలో, రాయడంలో ఎమర్జింగ్. ఆ రాత్రి వంటింట్లో నేనూ మా ఆయనా ఆ ఒక్క మాట మీద గంటసేపు పోట్లాడుకున్నాం. "ఇంట్లో తెలుగే అని పట్టుబట్టింది నువ్వే కదా" అన్నాడాయన. నిజమే. మెట్ల మీద కూర్చుని పిల్ల అంతా వింటోందని తర్వాత తెలిసింది.

రూల్ కూడా వెతికి చదివాను. మాట్లాడటం, చదవడం, రాయడం ఇంగ్లీషులోనే చూస్తారు. లెక్కల్లాంటివి ఇంటి భాషలో చూసినా ఫర్వాలేదు. ఇంటి భాష వదలొద్దని టీచర్ కూడా చెప్పింది. ఎవరైనా అడిగితే నేనూ అదే సలహా ఇస్తాను. మా ఇంట్లో మాత్రం మర్నాడే "అన్నం తిను" పోయి "ఫినిష్ యువర్ రైస్" వచ్చింది. ఓ వారం నడిచింది. తర్వాత సిగ్గేసి మళ్ళీ తెలుగు. అంతకుముందు, బడిలో చేరిన కొత్తలో, పిల్లకి అప్పటికి ఏమేం వచ్చో చూసే 20 నిమిషాల బేస్‌లైన్ పరీక్ష ఒకటుంటే, దానికేమీ నేర్పక్కర్లేదని బడివాళ్లు చెప్పినా రోజూ స్నానం చేయిస్తూ అంకెలు అప్పజెప్పించుకున్న ఘనత కూడా నాదే.

ఇదంతా విని అమ్మ, "మా కాలంలో చెయ్యి తల మీదుగా వేసి అవతలి చెవి పట్టుకోమనేవాళ్లు. అందితే బళ్లో వేసుకునేవాళ్లు, అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాళ్లు. పిలకాయలకి ఇన్ని లెక్కలేందే?" అంది. చిన్నది ఆ పూటంతా చెవి పట్టుకునే తిరిగింది. అందింది. అందిందని నాకు ఎంత సంతోషమో, అదేదో రిపోర్ట్‌లో రాసినట్టు.

సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లు. నాలుగు గవ్వలు. మొదట్లో ఒక్కో గవ్వ మీద వేలు పెట్టి లెక్కపెట్టేది. నాలుగో రోజుకి గవ్వలు పూర్తిగా ఆగకముందే "మూడు!" అని అరిచింది, తెలుగులోనే. అయిదు దాకా అయితే లెక్కపెట్టకుండా చూడగానే చెప్పగలగడం కూడా ఆ 17 అంశాల్లో ఒకచోట ఉంది. సబిటైజింగ్ అంటారు. నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఎవరికి పంపాలని? రిసెప్షన్ అయిపోయింది, సెప్టెంబరులో టీచరే మారిపోతుంది. అయినా వీడియో ఆన్ చేశాను.

"ఇంకోసారి వెయ్యమ్మా, ఎన్ని పడ్డాయో చెప్పు."

అది ఫోన్ వంక చూసింది. రెండు అరచేతులూ గవ్వల మీద బోర్లించి కప్పేసింది. పెదాలు బిగించింది.

"నువ్వు అవతలికి పోవే, ఆట చెడగొట్టకుండా" అంది అమ్మ, నా వైపు చూడకుండానే.