పేరులోనే ఉంది

స్నానం చేయించి, గంటసేపు దువ్వి, ఇలా తలుపు తీశానో లేదో... వాన నీళ్ల గుంటలోకి ఒక్క గెంతు! మా పూడిల్ కుక్క సంగతే. పని మళ్లీ మొదటికొచ్చింది.

తిట్టబోయి ఆగిపోయాను. తప్పు దానిది కాదు, పేరుది. జర్మన్‌లో ‘పూడెల్‌హుంట్’ అంటే నీళ్లలో చిందులేసే కుక్క. వేటగాడు కొట్టిన బాతుల్ని నీళ్లలోంచి తెచ్చివ్వడం దీని పాత ఉద్యోగం. ఫ్రెంచివాళ్లు ‘కనీష్’ అంటారు. ఆ మాటా ‘ఆడబాతు’ అనే మాట నుంచే పుట్టింది!

మనం ఫ్యాషన్ అనుకునే పూడిల్ బొచ్చు కటింగ్ కూడా ఈత కోసమే మొదలైందట. ఒళ్లు తేలికవ్వాలని కొంత గొరిగి, చలి తగలకుండా ఛాతీ మీద, కీళ్ల దగ్గర బొచ్చు వదిలేసేవారు.

ఇప్పుడది సోఫా ఎక్కి ఒళ్లు దులుపుకుంటోంది. తువ్వాలు ఎక్కడ పెట్టానో!