గవర్నర్ చాప్టర్: 153వ ఆర్టికల్ కంటే ముందు 1935 చట్టం చదవండి

గవర్నర్ అనగానే చాలామంది 153 నుంచి 162 దాకా ఆర్టికల్స్ బట్టీ పడతారు. ప్రిలిమ్స్ బిట్లకు అది సరిపోతుంది. మెయిన్స్‌లో ‘విచక్షణాధికారాలు ఎందుకు వివాదమవుతున్నాయి?’ అని అడిగితే మాత్రం రెండో పేరాకే సరుకు అయిపోతుంది.

బ్రిటిష్ కాలపు 1935 భారత ప్రభుత్వ చట్టంలోని సెక్షన్ 50ని, మన ఆర్టికల్ 163ని పక్కపక్కన పెట్టి చదవండి. విచక్షణతో చేయాల్సినవి తప్ప మిగతావన్నీ మంత్రిమండలి సలహాతోనే అన్న వాక్యం రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. తర్వాత ఆర్టికల్ 74 చూడండి. రాష్ట్రపతికి ఆ మినహాయింపే లేదు. 1976లో 42వ సవరణ కూడా రాష్ట్రపతినే సలహాకు కట్టేసింది, గవర్నర్ జోలికి పోలేదు. ఏది విచక్షణ కిందికి వస్తుందో తేల్చేది కూడా 163(2) ప్రకారం గవర్నరే. వివాదాలకు మూలం ఇక్కడుంది, జవాబులో ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి. రాష్ట్రపతి పాలనకు వీలు కల్పించే ఆర్టికల్ 356కు పూర్వరూపం 1935 చట్టంలోని సెక్షన్ 93 అని ఒక్క ముక్క రాస్తే చాలు.

రాజ్యాంగ సభ 1947లో ప్రజలు ఎన్నుకునే గవర్నర్ వైపు మొగ్గి, 1949 మేలో నియామకానికి మారింది. ఇద్దరూ ప్రజల ఓటుతోనే వస్తే ముఖ్యమంత్రికీ గవర్నర్‌కీ పొసగదన్నది ప్రధాన వాదన. ఇంట్రోకి ఇది బాగుంటుంది.

తీర్పులను వరుసగా కుమ్మరించవద్దు, వివాదానికొకటి చాలు. సలహాకు కట్టుబడటానికి షంషేర్ సింగ్ (1974), బలపరీక్షకు బొమ్మై (1994), సభను సమావేశపరచడానికి నబం రెబియా (2016). బొమ్మై పక్కన మన ఉదాహరణే రాయండి. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తొలగించారు. సభలో బలం తేల్చకుండానే నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సభలోనే బలం తేలాలని బొమ్మై తీర్పు ఎందుకు అంత గట్టిగా చెప్పిందో ఈ నెల రోజుల ఘటనతో తేలిగ్గా వివరించవచ్చు.

ఎక్కువగా మార్కులు పోయేది బిల్లులకు గవర్నర్ ఆమోదం గురించి చెప్పే ఆర్టికల్ 200 దగ్గర. పాత నోట్స్‌లో బిల్లులపై నెల, మూడు నెలల గడువులు కనిపిస్తాయి. అవి 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో వచ్చినవి. అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి రిఫరెన్స్‌పై (అభిప్రాయం కోరుతూ రాష్ట్రపతి పంపిన ప్రశ్నలపై) సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కోర్టు గడువు పెట్టకూడదని, గడువు దాటితే ఆమోదం పొందినట్టే అనడం చెల్లదని చెప్పింది. అయితే కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి బిల్లు తొక్కిపెడితే, నిర్ణయం తీసుకోమని పరిమితంగా ఆదేశించవచ్చంది. ఈ రెండు భాగాలూ రాయండి. హైకోర్టు అధికారాలను తగ్గించే బిల్లును రాష్ట్రపతికి తప్పనిసరిగా రిజర్వ్ చేయాలన్న నిబంధన కూడా 200లోనే ఉంది. బిట్‌గా వచ్చే అవకాశం ఉన్నది అదే.