భైరవి వర్ణం, పక్క సీటు ఆయన

ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు నిద్ర రానివ్వనిది సాయంత్రం కచేరీలో పక్క సీటు పెద్దమనిషి.

గాయని ‘విరిబోణి’ ఎత్తుకుంది. కచేరీ మొదట్లో పాడే వర్ణం అది. భైరవి రాగం, అట తాళం. ఈ మహానుభావుడు తొడ మీద దర్జాగా ఆది తాళం! 14 అక్షరాల తాళానికి 8 వేసుకుంటూ, తన ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తయినప్పుడల్లా ఆ అమ్మాయేదో తప్పు పాడినట్టు వేదిక వైపు చూడడం. నేను కావాలనే చేయి ఎత్తి, కనబడేలా తాళం వేశాను. పట్టించుకుంటేగా.

అంతకుముందు వ్యాఖ్యాత ఒకావిడ గాయని విదేశీ పర్యటనలన్నీ ఏకరువు పెట్టింది. మిగతా అన్నిటికీ వాగ్గేయకారుల పేర్లు చెప్పి, దీన్ని మాత్రం వట్టి ‘భైరవి వర్ణం’ అని వదిలేసింది. పచ్చిమిరియం ఆదియప్పయ్య అనడానికి ఎంతసేపు? 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజుల ఆస్థాన విద్వాంసుడు, సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రికి గురువు. శిష్యుణ్ణి ముద్దుగా ‘కామాక్షీ’ అనేవారట. ఆ శిష్యుడూ అదే భైరవిలో స్వరజతి అనే రకం రచన కట్టాడు, చరణం చరణానికీ ఒక్కో స్వరం పైకెక్కుతూ. గురువుగారి వర్ణం చెవుల్లో మోగుతుండగానే కట్టి ఉంటాడని నా నమ్మకం.

మా టీచరుగారు ఈ వర్ణం నేర్పిన రోజులు గుర్తొచ్చాయి. తాళం చేత్తో ఇలా లెక్కపెట్టాలి: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, చూపుడు వేలు. మళ్ళీ అదే వరస. ఆపైన రెండు ద్రుతాలు, అంటే ఒక దెబ్బ, ఒక విసురు, రెండుసార్లు. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, నాకెప్పుడూ ఒక వేలు మిగిలిపోయేది. భైరవిలో స్వరాలు పైకి వెళ్ళేటప్పుడు ఒక ధైవతం (‘ద’ స్వరం), దిగేటప్పుడు ఇంకోటి. ఆ రెండోదాన్ని పట్టుకునేసరికి చేయి ఆగిపోయేది. ఆవిడ తిట్టేవారు కాదు. పాట ఆపి, మళ్ళీ పల్లవి దగ్గర్నుంచి ఎత్తుకునేవారు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

అంత నేర్పిన ఆవిడా ఆదియప్పయ్య పేరు ఎత్తలేదు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో చూసేదాకా నాకూ తెలియదు. మరి ఆ వ్యాఖ్యాత మీద ఇంత కోపం దేనికో!

ఇందాక కాగితం మీద లెక్క వేశాను. ఏడు ఎనిమిదులు 56. నాలుగు పద్నాలుగులూ 56. అంటే గాయని నాలుగు ఆవర్తనాలకోసారి ఆయనా గాయనీ కలిసే సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, దిగారన్నమాట. మధ్యమధ్యలో అంత తృప్తిగా తల ఊపింది అందుకా! ఏమైనా ఆయన లెక్క పెడుతూ కూర్చున్నారు. ముందు వరస వాళ్ళు వర్ణం అయ్యేదాకా కాఫీ దగ్గర్నుంచి కదల్లేదు.

మళ్ళీ ఎప్పుడైనా పక్కన దొరికితే ఆయనకి ఆదియప్పయ్య గురించి చెబుతాను. ఉహూ, ముందు తాళం సంగతి చెప్పాలి.