సీపీసీ రెండో అటెంప్ట్‌లో 81: నన్ను పడగొట్టిన మాట 'ఇంప్లాంట్'

నిన్న సాయంత్రం మెడికల్ కోడింగ్ పరీక్ష సీపీసీ రిజల్ట్ వచ్చింది. పేషెంట్ జబ్బును, డాక్టర్ చేసిన చికిత్సను బిల్లు కోసం కోడ్ నంబర్లుగా మార్చడమే మెడికల్ కోడింగ్. 81 శాతం, పాస్. అమ్మకు ఫోన్ చేశాను కానీ కాసేపు మాట రాలేదు. ఐదు నెలల క్రితం ఇదే సీపీసీలో 66 వచ్చిన రోజు ఎస్.ఆర్.నగర్ హాస్టల్ మేడ మీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. పాస్‌కి 70 కావాలి. నాలుగంటే నాలుగు ప్రశ్నలు.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే. నేను ఎక్కడ పడ్డానో చెప్తాను. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయటపెట్టకూడదు కాబట్టి అమీర్‌పేట కోచింగ్‌లో రాసిన ఒక మాక్ కేసు తీసుకుంటున్నా.

టైప్ 2 షుగర్ పేషెంట్. కుడి కంటికి మోడరేట్ నాన్‌ప్రొలిఫరేటివ్ రెటినోపతి (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం), దాంతోపాటు మాక్యులర్ ఎడీమా (రెటీనా మధ్యలో వాపు). కంట్లో ఓజర్డెక్స్ అనే మందు ఇంప్లాంట్ పెట్టారు. 'ఇంప్లాంట్' అని కనపడగానే నేను చికిత్సకు 67027 కోడ్ వేసేశాను. మందుకు ఒక యూనిట్ రాశాను. షుగర్‌కి ఒక కోడ్, ఎడీమాకి ఇంకో కోడ్ ఇచ్చాను. మూడూ తప్పే. సార్ వివరించారు, నేను తలూపాను, బుర్రకెక్కలేదు. అదే తొందరతో వెళ్లి అసలు పరీక్ష రాశాను.

ఫెయిలయ్యాక రెండు వారాలకు నాన్నను సూర్యాపేట నుంచి కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాను. ఆయనకూ షుగరే, డాక్టర్‌గారు ఇదే మందు రాశారు. అంతా అయ్యాక సిస్టర్‌ని బతిమాలితే వాడేసిన అప్లికేటర్‌ని ట్రేలోనే ఉంచి చూపించారు. లావుపాటి పెన్నులా ఉంది, చివర సూది. అందులోంచి దాదాపు 6 మిల్లీమీటర్ల సన్నటి కడ్డీ కంట్లోకి వెళ్తుంది, మెల్లగా కరిగిపోతుంది. కోత లేదు, కుట్టు లేదు. నాన్న బయటికొచ్చి టీ అడిగారు.

అప్పుడు అర్థమైంది. పేరు ఇంప్లాంట్ అయినా చేసిన పని ఇంజెక్షన్. కాబట్టి కంట్లో మందు ఇంజెక్షన్‌కి ఉన్న 67028, కుడి కన్ను కనుక ఆర్‌టీ మాడిఫైయర్ (కోడ్ వెనక చేర్చే గుర్తు). ఇలూవియన్ అనే ఇంకో కంటి ఇంప్లాంట్ కూడా సూదితోనే పెడతారు, దానికీ 67028. రెటిసెర్ట్ అలా కాదు. సర్జరీ చేసి లోపల కుట్టి అమరుస్తారు. 67027 దానిది.

యూనిట్ల దగ్గర డిస్క్రిప్షన్ చివరిదాకా చదవండి. జె7312 అంటే డెక్సామెథాసోన్ ఇంప్లాంట్, 0.1 మిల్లీగ్రాముకు ఒక యూనిట్. ఓజర్డెక్స్‌లో ఉండేది 0.7, అంటే 7 యూనిట్లు. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) క్లెయిమ్ అయితే, మందు వృథా కాలేదని చెప్పే జేజెడ్ మాడిఫైయర్ 2023 జూలై నుంచి తప్పనిసరి. డయాగ్నసిస్‌కి ఇ11.3311 ఒక్కటి చాలు, ఎడీమా అందులోనే ఉంది. చివరి 1 కుడి కన్ను, 2 ఎడమ, 3 రెండూ. ఇన్సులిన్ మీద ఉంటే జెడ్79.4 కలపాలి.

ఆ రోజు నుంచి ప్రతి కేసులోనూ డాక్టర్ చేత్తో ఏం చేశారో ముందు తెలుగులో ఒక వాక్యం రాసుకుని, తర్వాతే పుస్తకం తెరిచాను. సర్జరీ సెక్షన్ మొత్తం అలాగే చేశాను. అనాటమీ, గైడ్‌లైన్స్ అందరిలాగే చదివాను. 100 ప్రశ్నలకు 4 గంటలే కాబట్టి ఆదివారం పొద్దున ఫుల్ మాక్.

"పుస్తకం చూసి రాసే పరీక్ష కూడా ఫెయిలయ్యావా" అని మా చుట్టాల్లో ఒకరు అన్నారు. పుస్తకం ముందున్నా ఒక్కో ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా ఉండవని వాళ్లకేం తెలుసు? నేను బద్ధకించి ఫెయిల్ కాలేదు, రోజూ ఆరు గంటలు చదివాను. చదివే తీరు తప్పు, అంతే. మీరు మాత్రం హాస్టల్లో ఫోన్ పక్కన పెట్టుకుని చదువుతున్నామని చెప్పకండి. ఇంట్లోవాళ్లు అప్పు చేసి ఫీజు కట్టారు, అది గుర్తుండాలి. నేను ఫోన్ వార్డెన్ అక్కకు ఇచ్చి రాత్రి తొమ్మిదికి తీసుకునేదాన్ని.

సోమవారం నుంచి ఇంటర్వ్యూలు. సర్టిఫికెట్‌లో సీపీసీ పక్కన 'ఎ' (అప్రెంటిస్) ఉంది, అనుభవం చూపిస్తే తీసేస్తారు. నా మూడు కోడ్ పుస్తకాలూ ఈ ఏడాది ఎడిషన్లే. ఈ ఏడాదే రాసేవాళ్లుంటే ఎస్.ఆర్.నగర్ వచ్చి తీసుకెళ్లండి, డబ్బులొద్దు. 67028 పక్కన పెన్సిల్ గీతలు ఉన్నాయి, చెరపలేదు.